కదలని వేషం

ఒకప్పటి బాలీవుడ్ హీరోయిన్ ఇల్లు. ముందుగదిలో ముగ్గురున్నారు: హీరోయిన్, ఆరేళ్లుగా ఖాళీగా పడున్న ఆమె డేట్లను కంటికి రెప్పలా కాపాడుతున్న పిన్ని, సినిమా కంపెనీ నుంచి వచ్చిన మేనేజరు.

"అంటే, మా అమ్మాయి సినిమా అంతా కనిపిస్తుందంటారు."

"మొదటి సీను నుంచి ఆఖరి సీను దాకా పిన్నిగారూ. అసలు ఉన్నచోటు నుంచి కదలరు."

"కదలదా? మంచాన పడ్డ పాత్రా?"

"మంచం కాదండి. గోడ."

"గోడేమిటి?"

"గోడమీద ఫోటో. హీరోగారి అమ్మ. కథ మొదలయ్యేసరికే పోయి ఉంటారు."

"విన్నావుటే? ఏడాదికి ఆరు సినిమాలు చేసిన పిల్లని మేకు కొట్టి తగిలిస్తాడట."

"ఉండు పిన్నీ. హీరో ఎవరండీ?"

"మీకు తెలిసినవారే మేడమ్. మీ పక్కన తొమ్మిది సినిమాలు చేశారు."

"ఆయనా? నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దాయన. మొదట ఆయనకి ప్రియురాలిగా వేశాను. తర్వాత వదినగా. ఆ తర్వాత అక్కగా. ఆయన మాత్రం ఇంకా కాలేజీలోనే ఉన్నాడు."

"ఈ సినిమాలో ఫైనలియరండి."

"మరి నేను అమ్మనెలా అవుతాను?"

"బతికుంటే కుదరదనే చంపేశాం మేడమ్. పోయినవాళ్లకి వయసు పెరగదు కదా."

"అదీ నిజమేలెండి."

"ఏం నిజమే? నీకు బుద్ధుందా? ఇవాళ గోడకి తలూపితే రేపు కాళ్లు తుడుచుకునే పట్టా వేషం ఇస్తారు."

"పిన్నీ, మొహానికి మేకప్ వేసుకుని ఆరేళ్లయింది. నేను ఆఖరుసారి రిబ్బన్ కత్తిరించిన చెప్పుల కొట్టు కూడా మూసేశారు. గోడైతేనేం, గుమ్మమైతేనేం. నాకు సెట్ మీదకి వెళ్లాలని ఉంది."

"నీ ఖర్మ."

"డైలాగులేమైనా ఉన్నాయా అండీ?"

"మీకు లేవు. మీతో చాలా ఉన్నాయి. కష్టమొస్తే చాలు, హీరోగారు మీ దగ్గరికొచ్చి చెప్పుకుంటారు."

"నా మొహంలోకి చూసా?"

"అచ్చంగా మీ మొహంలోకే."

"తొమ్మిది సినిమాల్లో ఒక్కసారి చూళ్లేదాయన. ఎప్పుడూ కెమెరాకేసే. అయితే ఒక పని చేయండి. ఫోటో వద్దు."

"వద్దా?"

"ఫ్రేము ఉంచండి. దాని వెనక గోడకి కన్నం పెట్టించండి. నేనే నిలబడతాను."

"మేడమ్, అది..."

"ఒక పాటలో రాతిబొమ్మగా నాలుగు రోజులు నిలబడ్డాను. రెప్ప వాల్చలేదు. ఆయన ఏడిస్తే ఫోటోకి ఏం పట్టింది చెప్పండి? నేనైతే కళ్లలోకి నీళ్లు తెచ్చుకుంటాను, కిందకి జారనివ్వను."

"అది చేస్తుందండి. చిన్నప్పట్నుంచీ అంతే, మొండిఘటం. కాకపోతే గోడవెనక ఓ కుర్చీ వేయించాలి."

"పిన్నిగారూ, నా మాట..."

"ఫ్యాను కూడా. ముక్కుమీద ఈగ వాలకూడదు. డేట్లు మంగళవారం నుంచి ఇస్తాను."

"ఏ మంగళవారం?"

"మీకు ఏది వీలైతే అది."

"షూటింగ్ ఎప్పుడు మొదలండీ? నాలుగు రోజుల ముందు చెబితే చాలు. జుట్టుకి రంగు వేయించుకోవాలి."

"ఎలా చెప్పాలో తెలియట్లేదు మేడమ్."

"ఏమిటి?"

"షూటింగ్ పోయిన నెలలోనే అయిపోయింది. మీ పాత స్టిల్ ఒకటి దొరికితే తగిలించేశాం. మీరు ఒప్పుకున్నట్టు సంతకం లేనిదే విడుదల చేయకూడదని లాయరుగారు అంటే ఇలా వచ్చాను."

"మొత్తం అయిపోయిందా?"

"మొత్తం అయిపోయింది."

"సంతకం పెట్టకే. లేచి రా లోపలికి. వింటున్నావా?"

"పెన్ను ఇలా ఇవ్వండి."

"ఇక్కడ మేడమ్. ఈ గీత మీద. చాలా థాంక్సండి."

"ఒక్క మాట. మొహమాటపడకుండా చెప్పండి. నేను ఎలా చేశాను?"