నిమిషం గారి బావి

కూర్చో అమ్మాయ్. ఆ కుర్చీ కాదు, దానికో కాలు వదులు. ఆ సంచి కింద పెట్టు. అందులో ఏముంది, సీసాలా కనిపిస్తోంది? సరేలే, చెప్పకపోతే మానె. ఆ ఫోను బోర్లా ఎందుకు పెట్టావు, రికార్డవుతోందా? ఏం లేదా? మీ తాతయ్యా అంతే, ఏమడిగినా ఏం లేదనేవారు. ఇంతకీ ఏమడిగావు? దేవుణ్ణి నమ్మే మనిషి ల్యాబులో నిజాయితీగా పనిచెయ్యగలడా అనా? ఇన్నేళ్ల తర్వాత నన్ను వెతుక్కుంటూ వచ్చి మరీ అడుగుతున్నావంటే నీ వెనక ఎవరో ఉన్నారు. ఉండనీలే.

ఊరి నీళ్లు పరీక్షించే ఆఫీసు మాది. మెట్ల కింద గది, సున్నం రాలే గోడలు, ఒక పొడుగాటి బల్ల. మీ తాతయ్య పెద్ద, నేను డిగ్రీ పట్టుకుని కొత్తగా వచ్చినవాణ్ణి. సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చేది నేను, పరీక్షించేది ఆయన. గాజు గొట్టంలో మందు, అందులో బోర్లించిన బుల్లి గొట్టం. దాంట్లో ఈ నీళ్లు కలిపి రెండు రోజులు వెచ్చటి పెట్టెలో ఉంచాలి. బుల్లి గొట్టంలో బుడగ లేచిందా, నీళ్లు చెడ్డవి. అంతే కదా, ఇందులో దేవుడికేం పని? అయినా పెట్టె తలుపు తీసే ముందు ‘ఒక్క నిమిషం’ అని కళ్లు మూసుకునేవారు. ఆఫీసంతా ‘నిమిషం గారు’ అనేవాళ్లం. టైపిస్టయితే, ‘లోపల బుడగల్ని బతిమాలుతున్నారండీ’ అనేది. అందరూ నవ్వేవాళ్లు. నాకు మాత్రం అనుమానం. ఆ నిమిషంలో ఈయన ఎవరితో ఏం మాట్లాడుకుంటున్నాడు? తనకి ఇష్టమైన గొట్టాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది? మా ఆవిడ విని విని, ‘ఆయన కళ్లు మూసుకుంటే మీకు నిద్ర పట్టదేమిటండీ’ అంది.

అప్పుడే ఊళ్లో బావులన్నీ చూడమని పైనుంచి ఉత్తర్వు. జాబితాలో మీ ప్రార్థన మందిరం బావి కూడా ఉంది. ఆ నీళ్లంటే ఆయనకి ప్రాణం. జబ్బుపడ్డవాళ్లకి సీసాలతో పంపేవారు. మీ నాయనమ్మకి చివరి రోజుల్లో చెంచాతో పట్టింది ఆ నీళ్లే. దొరికావయ్యా అనుకున్నాను. బావి నీళ్లు పట్టాను, దారిలో పారబోశాను. చెప్పుల కొట్టు వెనక మురిక్కాలవలో సీసా ముంచి, గుడ్డతో వడకట్టి, మందిరం చీటీ అంటించాను. అలా చూడకు. అదో ప్రయోగం. మంచివని రాశాడా, బండారం బయటపడుతుంది. చెడ్డవని రాస్తే నవ్వేసి నిజం చెప్పేద్దామనే అనుకున్నాను.

ఒక్క నిమిషం అన్నారు. తలుపు తీశారు. అన్ని గొట్టాల్లోనూ బుడగలే. ‘మా ఆవిడకి ఈ నీళ్లు నేనే పట్టాను, నా చేత్తో’ అన్నారు. అప్పుడే చెప్పాల్సింది. మాట నోటిదాకా వచ్చింది. కానీ చెబితే ఉద్యోగం పోతుంది కదా, కొత్తగా పెళ్లయినవాణ్ణి. ‘ఒకసారి చూసి నమ్మకూడదు, ఇంకో సీసా తెండి బాబూ’ అన్నారు. మళ్లీ బావి నీళ్లు పారబోసి ఆ కాలవకే వెళ్లాను. మొదటిసారి ఆయన్ని పట్టుకోవడానికి, రెండోసారి నేను పట్టుబడకుండా.

రిపోర్టు తనే రాసి, తనే పట్టుకెళ్లి, దగ్గరుండి ఆ బావి మీద రాతిపలక వేయించారు. ‘దేవుడి కంటే నీకు ఆ గాజు గొట్టాలే ఎక్కువైపోయాయా’ అని మందిరంలో మీవాళ్లు మొహం మీదే అన్నారట. ఆ తర్వాత పోయేదాకా, పదకొండేళ్లు, అక్కడ చివరి బెంచీలో ఒక్కరే కూర్చున్నారు. వెళ్లడం మానలేదు. ఆఫీసులో ఆ నిమిషమూ మానలేదు.

ఏమిటీ? అసలు ఆ బావి నీళ్లు చెడ్డవేనా అనా? నేను వాటిని పరీక్షించలేదమ్మా. రెండుసార్లూ పారబోశాను. చెడ్డవే అయ్యుంటాయని నాకు గట్టి నమ్మకం. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఆ సంచి ఎందుకు విప్పుతున్నావు? పలక తీయించారా? అవి ఆ నీళ్లేనా? ఆ కాగితమేమిటి, పరీక్ష కూడా చేయించావా? చదవకు. చదవకంటున్నానా.

ఆ కిటికీ వెయ్యమ్మా, దుమ్మొస్తోంది. నీ బండి గేటుకి అడ్డంగా పెట్టలేదు కదా?