నెడ్ తాగని గిన్నె

ఏదీ, ఆ ముక్క ఇంకోసారి చదువు నాయనా. "మహానుభావుడైన క్రౌచ్ గారు"... హు! నవ్వుకో, నవ్వుకో. వెటకారమని నాకూ తెలుసులే, పళ్ళూడాయి గానీ బుర్ర ఊడలేదు. దొంగవెధవని పొగిడి, ఆ వంకన పెద్ద పెద్ద కుర్చీల్లో కూచున్నవాళ్ళకి వాతలు పెట్టాడు మీ రచయిత. లండనంతా పగలబడి నవ్వుతోందట, నవ్వనీ. కానీ ఉరికి పోతూ బండిమీద వణికి, గిన్నెడు బీరూ ఒలకబోసుకున్న "ఒకానొక తాళాలవాడు" అని చదివావే, వాడు నా మొగుడు. వణకలేదు. మీ పుస్తకాల కొట్టువాళ్ళు దీన్ని రెండో అచ్చు వేస్తున్నారని విని, అది చెప్పడానికే నిన్ను పిలిపించా.

నువ్వప్పటికి పుట్టలేదు, బార్నబీ క్రౌచ్ అంటే నీకేం తెలుసు! దొంగల్ని పట్టేవాడని పేరు, చేతిలో వెండిపొన్ను కర్ర. నీ గడియారం పోయిందనుకో, వాడి దగ్గరికే పోవాలి. "అయ్యయ్యో, ఎక్కడ పోయిందమ్మా, ఎలా ఉంటుందమ్మా?" అని ఎంత ఆప్యాయంగా అడిగేవాడో! అడుగుతున్నంతసేపూ అది వాడి కాళ్ళకింద పెట్టెలోనే ఉండేది. కొట్టేయించిందీ వాడే, తిరిగిచ్చి దణ్ణాలు పెట్టించుకున్నదీ వాడే. మా అమ్మా పెట్టింది, దుప్పటి దొరికిందని. పిచ్చిది... ఆఁ, ఏం చెబుతున్నా? నెడ్. మావాడు చేసిన తాళం ఏ దొంగకీ లొంగేది కాదు. క్రౌచ్ మా కొట్టుకొచ్చి, "నువ్వమ్మే ప్రతి తాళానికీ నాకో మారు తాళంచెవి చేసిపెట్టు నెడ్, నిన్ను రాజులా చూసుకుంటా" అన్నాడు. "నేను తాళాలు చేసేదే నువ్వు లోపలికి రాకుండా" అన్నాడు మావాడు. నోటిదూల! వారం తిరక్కుండా మా కొట్లో ఎవరివో వెండి చెంచాలు దొరికాయి. సాక్ష్యం చెప్పిన ఇద్దరూ క్రౌచ్ మనుషులే. మావాడికి ఉరి వేశారు.

ఉరిబండి దారిలో సెయింట్ గైల్స్ పేట సారాయి కొట్టు దగ్గర ఆగుతుంది కదా, పోయేవాడికి గిన్నెడు బీరు పోస్తారు. తాగి, "డబ్బులు తిరిగొచ్చేటప్పుడిస్తా" అనాలి, జనం నవ్వాలి. క్రౌచ్ బండి పక్కనే నిలబడి ఇకిలిస్తున్నాడు. నెడ్ గిన్నె అందుకున్నాడు, చుక్క ముట్టలేదు. మొత్తం క్రౌచ్ కొత్త బూట్ల మీద కుమ్మరించి, "కడుక్కో" అన్నాడు. నేను చక్రం పట్టుకుని అక్కడే ఉన్నా. ఏడుస్తూనే నవ్వా.

ఏడేళ్ళకి క్రౌచ్ పాపం పండింది, అదే బండి ఎక్కాడు. నేనప్పుడు ఆ సారాయి కొట్లోనే పనిచేస్తున్నా. జనం రాళ్ళు రువ్వుతూ, "ఇవ్వకే హెస్టర్, మొహాన ఉమ్మెయ్!" అని అరుస్తున్నారు. ఉమ్మలేదు. గిన్నె చేతికిచ్చి, "నేను నెడ్ లార్కమ్ పెళ్ళాన్ని" అన్నా. గటగటా తాగి మూతి తుడుచుకుని, "ఏ నెడ్?" అన్నాడు. పొగరుకి కాదు నాయనా, నిజంగానే అడిగాడు. గుర్తులేదు వాడికి. ఏడేళ్ళు తిట్లు దాచుకున్నదాన్ని, ఖాళీ గిన్నె లాక్కుని లోపలికి పోయా.

మీ పుస్తకమూ అదే అడుగుతోంది, ఏ నెడ్ అని. వెటకారానికైనా పేజీకి పదిసార్లు క్రౌచ్ పేరే, మావాడేమో "ఒకానొక". మీ అయ్యగారితో చెప్పు, నెడ్‌ని మహానుభావుడనక్కర్లేదు, పేరు వెయ్యండి, బూట్లు తడిసిన మాట వెయ్యండి. వెయ్యనంటాడా? రేపట్నించి నేనమ్మే ఆల్చిప్పల బుట్ట మీ కొట్టు గుమ్మంలోనే పెడతా. పుస్తకం కొన్న ప్రతివాడికీ నేనే చెబుతా, చేపలబజారు గొంతు ఇది, ఎవడాపుతాడో చూస్తా! ఊఁ, కలం తియ్యి. నెడ్ లార్కమ్, తాళాలవాడు. రాశావా? ఏదీ, నాకు చదువు రాదు, వేలు పెట్టి చూపించు. ఇదేనా? ఇక్కణ్ణించి ఇక్కడిదాకానా?

... ఆ తలుపు వెయ్యి నాయనా, చలిగాలికి కళ్ళమ్మట నీళ్ళొస్తున్నాయి.