రింగు డైరీలో మొదటి కాగితం

బీరువాలో దుప్పట్ల కింద చెయ్యి పెడితే ఆవిడకు మరో కొత్త రింగు డైరీ తగిలింది. పక్కనే ఉన్న మొగుడు పైకప్పు వంక చూశాడు.

“ఇది ఎన్నోదండీ?”

“తొమ్మిదోది. తోలు ఎంత మెత్తగా ఉందో పట్టుకు చూడు.”

“ఎనిమిది ఖాళీగా పడున్నాయి కదా.”

“మొదటి కాగితం చూడు. కొన్నప్పుడల్లా పాతదాంట్లోంచి తీసి కొత్తదాంట్లోకి మారుస్తాను.”

అట్ట తెరిస్తే పెళ్ళయిన కొత్తలో తను రాసిన కాగితం: ‘ఇక మీదట డైరీలు కొనను.’ కింద ఆయన సంతకం.

“సిగ్గు లేకపోతే సరి.”

“నీ చేతిరాత కదా, పారేయబుద్ధి కాలేదు.”

ఆవిడ నవ్వు ఆపుకుంటూ కాగితాన్ని వెలుతురుకి పట్టి చూసింది.

“చిల్లులన్నీ చిరిగిపోయాయి. గట్టి కాగితం ఒకటి ఇవ్వండి, మళ్ళీ రాసిస్తాను. ఇంకా ఎన్ని డైరీలు మారాలో ఏమిటో.”