మహిమ మాట విన్న సూర్యుడు

ఆదివారం చర్చి నుంచి వచ్చినాక కల్లూరులో మా అరుగు మీద శెనక్కాయ బుడ్డలు ఒలుచుకుంటా కూచున్నాం. సాయంత్రం మా తమ్ముడు లేవి వేంపల్లె బస్సెక్కాల. పోయిన వారమే పోవలసినవాడు, పోలేదు. ఈ పూటన్నా రాకపోతే ఇంకొకరిని పనిలో పెట్టుకుంటానని బండల ఫ్యాక్టరీ సేటు ఫోన్లో గట్టిగా చెప్పినాడు. ఆ బస్సు తోలే సుంకన్న కూడా మా అరుగు మీదనే టీ తాగుతాండాడు.

"నేను ఎందుకు పోలేదంటే," అని లేవి మొదలుపెట్టినాడు. "మా పాప మహిమకు మూడేండ్లే గాని, ఆమె మాటంటే మాటప్పా. మొన్న కోడిపుంజును 'కూచో' అనింది. కూచునింది."

"కోళ్లు కూచుంటాయిలే," అనింది పక్కింటి గిడ్డమ్మ.

"గుడ్డు గూడా పెట్టింది పెద్దమ్మా. అది వదిలెయ్యి. పాస్టరయ్య వాక్యం చెప్తాంటే ఈమె బెంచీ ఎక్కి, 'ఇంక చాలు, ఆమెన్ చెప్పు' అనింది. ఆయన సగం మాటలోనే కండ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? నేను బస్సెక్కితి. ఈమె కింద నిలబడి 'దిగు నాయనా' అనింది. అనింది నన్ను, వినింది బస్సు. గేరు దానంతటదే ఎనక్కి పడె. ఎనకుండే లారీలు, ఆటోలు, అన్నీ ఎనక్కే. కర్నూలు స్టేషన్లో రైలు గూడా రెండు పెట్టెలు జరిగెనంట. గుంకబోయే సూర్యుడు మళ్లా నడినెత్తికొచ్చినాడు. బైబిల్లో యెహోషువ చెప్తే ఆగినాడు, అంతే. మా మహిమకు రివర్సు వచ్చినాడు."

"అందుకేనేమో, ఆ పొద్దు నాకు రెండుసార్లు ఆకలయ్యింది," అని గిడ్డమ్మ ఆలోచనలో పడింది.

మా నాయన ఏసేపు కూడా మా గురించి ఇట్లే కోతలు కోసేవాడు గాని, సూర్యుడి దాకా పోలేదు. నవ్వాల్నో, ప్రభువును క్షమాపణ అడగాల్నో నాకు తెలియలేదు.

సుంకన్న గ్లాసు కింద పెట్టినాడు. "ఆ బస్సు తోలింది నేనే కదప్పా. టైముకే పాయె. పాప వాళ్లమ్మ భుజం మీద నిద్రపోతాండె. దిగింది నువ్వొక్కనివే."

లేవి తెల్లమొహం వేసినాడు. "మరి దిగమనింది ఎవురు?" అన్నాడు. నిజంగానే అడుగుతాండాడు.

అంతలో మహిమ తనకంటే పెద్ద సంచిని ఈడ్చుకుంటా లోపల నుంచి వచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టుకోని, "నాయనా, బస్సెక్కు. పో," అనింది.

లేవి కదల్లేదు. పాపను చూసినాడు, నన్ను చూసినాడు. "అక్కా, పొమ్మంటాది. ఇప్పుడెట్ల?"

"సూర్యుడే విన్నాడంటివి, నువ్వెంతప్పా," అని సుంకన్న సంచి ఎత్తుకున్నాడు.