రఫేల్ కాదండీ, ట్రైనరు

రఫేల్ కాదండీ సెక్రటరీ గారూ, ఎన్నిసార్లు సెప్పాలి మీకు? మా శ్వేత నడిపినది రఫేల్ కాదు. ట్రైనర్ జెట్టు. పిల్లలకి నేర్పే ఇమానం. మీరేమో ఇంత పెద్ద కాయితం మీద రఫేల్ గీయించుకొచ్చి, దాని పక్కన మా పిల్ల ఫోటో అతికించి, "ఈసారి వినాయకుడి పండాల్ ఇలగ కడతాం పద్మకుమారి గారూ, ఊ అనండి" అంటే నానేటనీది?

కూకోండి, కూకోండి. నిలబడిపోనారేటి? తెలుగు సంఘం సెక్రటరీ సీతారామరావు గారు టెల్కో కాలనీ నుంచి మా బారిడీహ్ క్వార్టర్‌కి రావడమే పెద్ద మాట. టీ పెడతాను. అమ్మాయి లేదు. ఆల్ల నాన్న స్కూటర్ మీద బజారుకి తీసుకెల్లినాడు. వచ్చేత్తారు. ఆల్లు రాకముందే నాతో మాటాడీడం మంచిది. తన ముందర ఈ బొమ్మ తీసినారంటే మీకు పెద్ద క్లాసు పీకేత్తాది.

ఈ పోలికల జబ్బు మీతో మొదలైనది కాదులెండి. మా ఇంటాయనతోనే. ఆయనకి ఈ టాటానగర్ ప్లాంట్‌లో క్రేను తప్ప ఇంకోటి తెలీదు. పిల్ల ఫైటర్ పైలట్ అయినాక సూడాలి! డ్యూటీ దిగడం, చాయ్ దుకానంలో కూకోడం, ఫోన్‌లో వీడియోలు. రఫేల్ గొప్పా, సుఖోయ్ గొప్పా? తేజస్ ఎంత తిప్పినా తిరుగుతాదా? పక్కోడు చైనావోల్లది గొప్ప అన్నాడంటే కొట్టుకు సచ్చీవోరు. "మా గుంట సుఖోయ్ ఎక్కితే మబ్బుల పైన మబ్బులు కూడా ఉండవు" అనీవోడు. మా ఇంటాయన, ఆదిబాబు, ఏటి సెప్తే అదే ఆ దుకానంలో ఎయిర్‌ఫోర్సు మాట.

అలాటిది, ఓ రోజు పిల్ల ఫోన్ సేసి, "పప్పా, ఇన్‌స్ట్రక్టర్ కోర్సు అయిపోయింది. ఇక ట్రైనర్ మీదే" అన్నాది. ఆయనకి మొకం మాడిపోనాది. "ఏటి తప్పు సేసినావే?" అనడిగినాడండీ! కంగ్రాట్స్ లేదు, ఏటీ లేదు. ఏటి తప్పు సేసినావు!

ఆయన్ని అని ఏటి లాభం? చాయ్ దుకానంలో మనోజ్ అనీవోడు అననే అన్నాడట, "ఏటి ఆదిబాబు భయ్యా, బేటీకి ఎల్ బోర్డు కారు ఇచ్చినారా?" అని. ఆ రోజు నుంచి ఆయన ఆ దుకానం మానేసినాడు. ఇంట్లోనే టీ. ఆయన కోపమంతా నా మీదే.

తర్వాత సెలవకి వచ్చినాది పిల్ల. నాను వంకాయలు తరుగుతన్నాను. అది ఇక్కడే, ఈ గట్టు మీద కాల్లు ముడుసుకుని కూకున్నాది. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని అడిగినాడు. "నీ ట్రైనర్ సౌండు కంటే జోరుగా ఎల్తాదా?" "నహీ పప్పా." "రాడారు ఉందా?" "నహీ." "రఫేల్‌కి ఇంజిన్లు రెండు. దీనికో?" "ఏక్." "మిసైలు?" పిల్ల నవ్వేసినాది. "కావాలంటే బాంబులు కడతారు పప్పా, గానీ దాని పని అది కాదు" అన్నాది.

మరి దేనికే అది, అని నాను అడిగినాను. మనకి తెలీదు కదండీ. అప్పుడు సెప్పినాది తెలుగులోనే, నాకు అర్దమవ్వాలని. ఫైటర్‌లో చాలామట్టుకు ఒకలే కూకుంటారట. మొదటి రోజే ఒకలే. పక్కన సెప్పీవోడు ఉండడు. ఆ జోరుకి రగతం తలలోంచి కాల్లకి దిగిపోతాదట, కల్లు సీకట్లు కమ్మేత్తాయట. అందులోనే రాడారు సూడాలి, శత్రువుని సూడాలి, బతికి రావాలి. అది తెలీని పిల్లోడిని తిన్నగా రఫేల్ ఎక్కిత్తే ఏటవుతాది? అందుకే ఈ ట్రైనరు. రెండు సీట్లు, ఒకదాని ఎనక ఒకటి. ముందు పిల్లోడు, ఎనక మాస్టారు. ఎనక సీటు కూసింత ఎత్తుగా ఉంటాదట, పిల్లోడి బుర్ర మీదినుంచి ముందర దారి కనిపించడానికి. లోపల బొత్తాలు, తెరలు అన్నీ ఫైటర్‌లో లాగే. జోరు తక్కువ, కర్సు తక్కువ, తప్పు సేత్తే ఓర్సుకుంటాది.

"ఫైటర్ మాఫ్ నహీ కర్తా మమ్మీ" అన్నాది. "ఇది మాఫ్ సేత్తాది. కొంచెం."

ఆల్ల నాన్న పేపరు దించనే లేదు.

ఆగండి, పాలు పొంగుతన్నాయి... ఆ. తీసుకోండి. పంచదార సాలుతాదా?

మా పిల్ల ఏక్సిడెంటు మాట మీరు పేపర్లో సదివే ఉంటారు. పేపర్లో నాలుగు ముక్కలు. నాను సెప్తాను ఇనండి. పొద్దున్న పూట. ముందు సీట్లో అనురాగ్ అని పిల్లోడు, కోర్సు అయిపోవచ్చినాది. నేల ఇడిసి ఇలగ పైకి లేసినారో లేదో, గెద్ద. ఇంజిన్‌లోకి దూరిపోనాది. రఫేల్ అయితే రెండోది ఉంటాది కదా. ఇక్కడ ఒకటే. ఆగిపోనాది. కింద సూత్తే ఇల్లు, డాబాల మీద బట్టలు ఆరేసి ఉన్నాయట. అదొకటే దానికి బాగా గురుతు. రంగు రంగుల బట్టలు.

కంట్రోల్ ఎనకనున్న మా పిల్ల తీసుకున్నాది. డాబాలు దాటించి వేరుసెనగ సేల ఏపు తిప్పినాది. అప్పుడికే కిందకి వచ్చేసినారు. "ఇజెక్ట్, ఇజెక్ట్" అని అరిసినాదట. అంటే సీటుతో సహా బయటకి ఎగిరిపోడానికి కింద ఓ పిడి ఉంటాది, లాగాలి. పిల్లోడు లాగలేదు. సెయ్యి బిగుసుకుపోనాది. భయం, ఏటి సేత్తాడు? నా పిల్ల ఎనకనుంచి ఆడి బుర్ర సూత్తంది, కదలడం లేదు. అప్పుడు తన పిడి తను లాగినాది. మాస్టారు లాగితే ఇద్దరూ ఎగురుతారట. ముందు ఎనకోల్లు, తర్వాత ముందోల్లు. లేపోతే ముందు సీటు కింద రాకెట్టు మంట ఎనకోల్ల మీద పడతాదట. ఎంత ఆలోసించి సేసినారో సూడండి.

ఆ ఎగరడం అంటే మనం ఎగిరినట్టు కాదు. ఫిరంగిలోంచి గుండు పేలినట్టు. పిల్లోడికి జబ్బ ఇరిగినాది. మా దానికి ఎన్నుపూస నలిగిపోనాది. ఇమానం మనుసులు లేని సేలో పడి కాలిపోనాది. ఎవులికీ ఏటీ కాలేదు. దేవుడి దయ.

దేవుడి దయ అనీసి మీరూ అంటారు, పక్కింటి దాలమ్మా అంటాది. ఆసుపత్రిలో దాన్ని ఎల్లకిలా పడుకోబెట్టి ఉంచితే, నీలు గొట్టంతో తాగుతా, "మమ్మీ, అనురాగ్ ఖా రహా హై న?" అనడిగినాది. ఆడు తింటన్నాడా అని! నాను బయటకొచ్చి గోడకి ఆనుకుని కూకుండిపోనాను.

ఇంటికి తెచ్చినాం. డాక్టర్లు మల్లా ఎగరడం మాట ఇప్పుడే సెప్పలేం అన్నారు. ఆల్ల నాన్న లీవు పెట్టినాడు. జనమలో నాకు గలాసుడు నీలు ఇవ్వని మనిసి, దానికి వేన్నీల సంచీ పెట్టడం, లేవదీసి నడిపించడం, జుట్టు దువ్వడం. జడ వంకర టింకరగా అల్లీవోడు. అది అలగే ఉంచుకునీది.

ఆ అనురాగ్ వచ్చినాడండీ ఓసారి, ఆల్లమ్మని తీసుకుని. జబ్బ అతుక్కున్నాది. డాక్టర్ల సెక్ సేయించుకుని కోర్సు పూర్తి సేసుకున్నాడు. ఫైటర్ స్క్వాడ్రన్‌కి పోస్టింగు. లడ్డూలు తెచ్చినాడు. ఆల్లమ్మ నా సేతులు పట్టుకుని ఒదలదు, ఏడుత్తంది. ఆడు శ్వేత కాల్లకి దండం పెట్టబోతే, "యే సబ్ బాద్ మే" అని, అయ్యన్నీ తర్వాతనీసి, అదిగో ఆ ప్లాస్టిక్ కుర్సీ సూపించినాది. "బైఠో."

కూకున్నాడు. తను ఎనక స్టూలు ఏసుకుని కూకున్నాది, నడుం నొప్పితోనే. "ఇజెక్ట్!" అని అరిసినాది. ఆడు ఉలిక్కిపడి సేతులు కిందకి పెట్టినాడు. "లేట్. మళ్లీ." మల్లా అరిసినాది. "మోచేతులు లోపలికి. మెడ తిన్నగా. మళ్లీ." ఆల్లమ్మ ఏడుపు ఆపేసినాది. టీ సల్లారిపోనాది. పక్కింటోల్లు కిటికీలోంచి సూత్తన్నారు, ఈల్లకి పిచ్చి పట్టినాదేటని. సివరికి ఆడు మాట ఇనబడీసరికే లేని పిడి లాగీడం మొదలెట్టినాడు. సెమట్లు కారిపోతన్నాయి. అప్పుడు అన్నాది, మెల్లగా, "అక్కడ నీ ఎనక నేను ఉండను, అనురాగ్."

ఆ పిల్లోడు కుర్సీలో అలగే కూకుని ఏడిసేసినాడండీ.

మా ఇంటాయన గుమ్మంలో నిలబడి అంతా సూసినాడు. సాయంత్రం సొక్కా ఏసుకుని తిన్నగా చాయ్ దుకానానికి ఎల్లినాడు. మనోజ్ ముందర కూకుని, "మా గుంట ట్రైనర్ నడుపుతాది. నువ్వు సెప్పే ఫైటరోల్లందరూ ఆ ముందు సీట్లోంచి వచ్చినోల్లే" అని టీ తాగేసి వచ్చినాడట. దెబ్బలాడలేదు. అంతే.

అందుకే అంటన్నాను. కడితే ట్రైనర్ కట్టండి. లేదంటే మానీండి. జనం రఫేల్ అయితేనే వత్తారు, చందాలు రాలతాయి అంటారా? అయితే రఫేలే కట్టుకోండి, మా పిల్ల ఫోటో తీసీండి. మీ ఇష్టం. నాకు ఓపిక లేదండీ ఇంక.

అప్పుడికి మా పిల్ల ఇక్కడ ఉండదు కూడా. మీకు తెలీదు కదూ? మెడికల్ బోర్డు అయినాది, బెంగుళూరులో. నడిపించినారు, వంచినారు, ఫోటోలు తీసినారు. ఫిట్టు అన్నారు. మల్లా ఎగరొచ్చునట. ఫైటర్‌కి ఎల్తావా, ట్రైనర్‌కా అని పెద్దాఫీసరు అడిగితే ట్రైనరే అన్నాదట. రేపు టాటానగర్‌లో రైలు. ఈ బజారుకి ఎల్లడం అందుకే. బూట్లు, సామాను.

ఏటి సెప్పను మీకు? ఇన్నాల్లూ అది ఈ గదిలో ఒల్లు వంచుతా, పల్లు బిగించుకుని కసరత్తు సేత్తా ఉంటే, పక్కన కూకుని "ఇంకొకటి, ఇంకొకటి సెయ్యమ్మా" అని నానే అన్నాను. అలగ అంటానే లోపల ఏటి మొక్కుకునీదాన్నో తెలుసా? బోర్డు ఫెయిల్ సేసీయాలని. ఏదో ఆఫీసులో కుర్సీ ఇచ్చేయాలని. అది ఎంత ఏడిసినా పరవాలేదనీసి. ఎవులికీ సెప్పలేదు. ఆల్ల నాన్నకీ సెప్పలేదు.

బెంగుళూరు నుంచి ఫోన్ సేసినాది. "మమ్మీ, ఫిట్!" గొంతు సూడాలి, సిన్నప్పుడు స్కూల్లో కప్పు గెలిసినప్పటి గొంతు. నాను ఫోన్ పట్టుకునే దేవుడి పటమేపు సూసినాను. "మమ్మీ? తుమ్ ఖుష్ నహీ హో?" అనడిగినాది, సంబరంగా లేదా నీకని.

అదిగో, స్కూటర్ సప్పుడు. వచ్చీసినారు. ఆ బొమ్మ మడిసీండి బాబూ. నన్ను కల్లు తుడుసుకోనీండి. నాను సెప్పినదేటీ దాని ముందర అనకండి. నవ్వుతా "కంగ్రాట్స్ అమ్మా" అనీండి, సాలు.

నానూ అదే అన్నాను.