అంచు కింది రంగు

గడ్డి టోపీలు అల్లే దుకాణం. మధ్యాహ్నం. తండ్రి, కూతురు. తల్లి పోయి ఇంకా ఎంతో కాలం కాలేదు.

“ఇది ఆకుపచ్చా నాన్నా?”

“ఏదీ?”

“చేతిలో పట్టుకుని ఏదీ అంటావేంటి? ఈ టోపీయే. ఇది ఆకుపచ్చా అని అడుగుతున్నా.”

“వెలుతురు సరిగ్గా లేదమ్మా. ఆ కిటికీ తలుపు తియ్యి.”

“తీసే ఉంది.”

“అయితే మబ్బు పట్టినట్టుంది.”

“బయట ఎండ మాడ్చేస్తోంది. మాట దాటెయ్యకు. స్టేషన్ మాస్టారి భార్య నిన్నేం అడిగింది?”

“టోపీ అడిగింది.”

“ఏ రంగుది?”

“ముదురు ఆకుపచ్చ. నాకు గుర్తుంది. అన్నీ గుర్తున్నాయి.”

“మాస్టారు పోయాక ఆవిడ మళ్ళీ వీధిలోకి రావడం ఇప్పుడే. ఎవరి కంటా పడకుండా, నిదానంగా ఉండే రంగు చెయ్యమంది. నువ్వు నిప్పులాంటి ఎరుపు టోపీ చేసి చేతికిచ్చావు. చూసేవాళ్ళు ఏమనుకుంటారు నాన్నా?”

“తిట్టిందా?”

“తిడితే బాగుండేది. అద్దం ముందు పెట్టుకుని చూసుకుంది. అలా చాలాసేపు చూసుకుంది. తర్వాత తీసి బల్ల మీద పెట్టి, ‘మీ నాన్నగారిని ఏమీ అనకమ్మా, ఆయనా ఇప్పుడు నాలాంటివాడేగా’ అంది. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.”

“అల్లిక ఎలా ఉంది?”

“ఏంటీ?”

“అల్లిక. నడినెత్తి మీద మొదలుపెట్టిన జడ అంచు దాకా ఎక్కడా తెగకుండా వచ్చింది. కుట్టు కనపడుతోందేమో వెతుకు చూద్దాం. కనపడదు.”

“అల్లిక సంగతి ఎవరడిగారు నాన్నా!”

“అంచు కింద చూడు. తిప్పి చూడు ఒకసారి.”

“చూశాను. లేత పసుపు.”

“అది ఆవిడ అడగలేదు. నేనే వేశాను. మీ అమ్మ ఉంటే వేయించేది. పైన ఏ రంగైనా వెయ్యండి, కింది రంగే మొహం మీద పడుతుంది అనేది. ఏడ్చి ఏడ్చి మొహం నల్లబడి వచ్చింది పాపం. కాస్త వెలుగు పడుతుందని వేశాను.”

“మరి అంత ఆలోచించినవాడివి పైన ఎరుపు ఎందుకేశావు?”

“పొరపాటు.”

“పోయినవారం బ్యాంకు గుమస్తాకి చేసింది కూడా పొరపాటేనా? మట్టిరంగు అడిగితే ఆకుపచ్చ చేశావు. అతను మొహమాటానికి పెట్టుకెళ్ళాడు.”

“వయసు మీద పడింది. మతిమరుపనుకో.”

“ఇప్పుడేగా అన్నీ గుర్తున్నాయన్నావు?”

“కొన్ని గుర్తుంటాయి, కొన్ని ఉండవు. నువ్వు లాయరువా ఏంటి, అలా పట్టుకుంటావు?”

“అన్నయ్య ఫోన్ చేశాడు.”

“ఏమంటాడు?”

“నీకు మనసు స్థిమితంగా లేదంటున్నాడు. దుకాణానికి తాళం వేసి, నిన్ను తనతో తీసుకెళ్తానంటున్నాడు. ముందు ఎవరైనా పెద్ద డాక్టరుకి చూపించాలంటున్నాడు. నేను కుదరదన్నాను. నాన్నకి టోపీల అచ్చు, సూది, ఆ గడ్డి వాసన లేకపోతే ఊపిరాడదన్నాను.”

“వాడు చెప్పిందే మంచిది.”

“ఏంటీ?”

“మూసేద్దాం.”

“నాన్నా! అమ్మ ఉన్నప్పుడు ఎవరైనా ఆ మాటంటే నువ్వు అన్నం మానేసేవాడివి.”

“అప్పుడు మీ అమ్మ ఉంది.”

“డాక్టరు దగ్గరికి కూడా వస్తావా?”

“వస్తాను. రేపు తీసుకెళ్ళు. ఏవో మాత్రలిస్తాడు, వేసుకుంటాను. నీకు మనసు కుదుట పడుతుంది.”

“నువ్వింత తేలిగ్గా ఒప్పుకుంటే నాకు భయమేస్తోంది. ఇటు చూడు. ఈ అరలోంచి రెండు కట్టలు తీశాను. ఇదేం రంగు?”

“చిన్నపిల్లాడికి పాఠం చెప్తున్నావా?”

“అనుకో. ఏం రంగు?”

“ఆకుపచ్చ.”

“ఇది?”

“అది… ఎరుపు.”

“రెండూ ఎరుపే నాన్నా.”

“అదే, ఎరుపులో కూడా రకాలుంటాయిగా. ఒకటి ముదురు…”

“రెండూ ఒకే రంగు కుండలో ముంచిన గడ్డి! పక్కపక్కనే ఉన్నాయి! నాన్నా, నీకు కళ్ళు మసకగా ఉన్నాయా? తల తిరుగుతోందా? మాట తడబడుతోందా? ఇలా కూర్చో. మంచినీళ్ళు తాగు. అన్నయ్యకి ఇప్పుడే…”

“ఫోన్ కింద పెట్టు.”

“మా అత్తగారికి కూడా ఇలాగే, మనుషుల్ని పోల్చుకోలేక…”

“చిట్టీ! ఫోన్ కింద పెట్టమన్నానా? నాకేం కాలేదు. నాకు ఎప్పుడూ ఇంతే.”

“ఎప్పుడూ అంటే?”

“పుట్టినప్పటి నుంచీ. నీలం తెలుస్తుంది, పసుపు తెలుస్తుంది. నువ్వు కట్టుకున్న చీర నీలం. ఎరుపు, ఆకుపచ్చ, మట్టిరంగు… ఆ మూడూ నా కంటికి ఒకే బురద.”

“నువ్వు… ఈ చుట్టుపక్కల అందరికీ టోపీలు చేసింది నువ్వు.”

“అల్లింది నేను. రంగులు మీ అమ్మవి.”

“మాకెప్పుడూ చెప్పలేదు.”

“ఏమని చెప్పను? రంగుల టోపీలు అమ్మేవాడికి రంగులు తెలీవని తెలిస్తే గుమ్మం ఎవరు తొక్కుతారు?”

“అమ్మకి ఎప్పుడు తెలిసింది?”

“పెళ్ళికి ముందే. తనకొక టోపీ అల్లి పట్టుకెళ్ళాను. లేత ఆకుల రంగు అని గొప్పగా చెప్పి మరీ ఇచ్చాను. అది ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోయి చారలు చారలుగా ఉందట. ఆ సంగతి నాకేం తెలుసు? ఒక్కమాట అనకుండా పెట్టుకుని వీధంతా తిరిగింది. మర్నాడు వచ్చి టమాటాలు నా ముందు పోసి, ‘వీటిలో పండినవి ఏరండి’ అంది. నేను నొక్కి చూసి ఏరుతున్నాను. నవ్వింది. ‘రంగులు నేను చూసుకుంటా, అల్లిక మీరు చూసుకోండి’ అంది. మా పెళ్ళిమాటలంటే అవే.”

“మరి నిన్ను అంతలా తిట్టేదిగా అందరి ముందూ? ‘కళ్ళు నెత్తికెక్కాయా, ఆకుపచ్చ మీ కుడిచేతి పక్కనే ఉంది’ అని. నేనూ అన్నయ్యా పడీ పడీ నవ్వేవాళ్ళం.”

“కుడిచేతి పక్కనే అంటేనేగా నాకు తెలిసేది.”

“అయ్యో…”

“మీ అమ్మ గయ్యాళిదని వీధంతా అనుకున్నారు. గట్టిగా మాట్లాడటం కూడా రాని మనిషి. నాకోసం గయ్యాళి అయింది.”

“నన్ను అడగొచ్చుగా నాన్నా. ఇన్నాళ్ళూ రోజూ వచ్చి వెళ్తున్నాను. ఇది ఏ రంగమ్మా అని ఒక్కమాట అడిగితే ఏం పోయేది?”

“అడుగుదామనే అనుకున్నాను.”

“మరి?”

“ఏదో… వద్దనిపించింది.”

“నాకు అమ్మ మీదే కోపమొస్తోంది.”

“ఎందుకు?”

“తను బతకదని తనకి తెలుసు. డాక్టరు మొహం మీదే చెప్పాడు. నాకైనా చెప్పొచ్చుగా, మీ నాన్నకి రంగులు తెలీవు, కనిపెట్టుకో అని? పోనీ నీకైనా ఏదో ఒక దారి చూపించొచ్చుగా? అంతా తన చేతుల్లోనే పెట్టుకుని, నిన్ను నట్టేట్లో వదిలేసి పోయింది. మా అమ్మే అయినా అంటున్నాను, ఇది…”

“మీ అమ్మని ఒక్కమాట అనకు.”

“ఉన్నమాటేగా?”

“ఉన్నమాట కాదు! ఏం తెలుసు నీకు? నిలబడలేక పీట వేసుకుని కూర్చుని, నాకు సరిపడా గడ్డి అంతా తనే ముంచింది. కుండ నేను పట్టుకుంటే తను కలిపింది. ఆరిన ప్రతి కట్టకీ తన చేత్తో నల్లదారం కట్టింది. ఒక ముడి ఉంటే ఎరుపు. రెండు ముడులుంటే ఆకుపచ్చ. దారం ఉండి ముడి లేకపోతే మట్టిరంగు. నన్ను కళ్ళు మూసుకోమని, వేళ్ళతో తడిమి చెప్పమనేది. తప్పు చెప్తే చేతి మీద కొట్టేది. అన్నీ సరిగ్గా చెప్పిన రోజు, ‘ఇంక నాకు దిగులు లేదు’ అని పడుకుంది. మళ్ళీ లేవలేదు. వదిలేసి పోయిందంటావా మీ అమ్మని?”

“అమ్మా…”

“ఊరుకో. ఏడవకు. నేనే గొంతు పెంచాను.”

“నాకు తెలీదు నాన్నా. తెలీక అన్నాను.”

“సరేలే.”

“అయితే ముడులు తడిమి చూసే చేశావా స్టేషన్ మాస్టారి భార్యది?”

“ఊఁ.”

“మరి తప్పెలా వచ్చింది?”

“వేళ్ళు మొద్దుబారాయి. సూదితో పనిగా.”

“అంత సన్నటి కుట్టు వేసిన వేళ్ళా?”

“దారాలు ఊడిపోయాయనుకో. పాత దారం.”

“అమ్మ వేసిన ముడి ఊడుతుందా? ఏదీ, ఒక్క కట్టకైనా దారం కనపడదేం? ఇక్కడ లేదు. దీనికీ లేదు. నాన్నా, ఈ అరలో ఒక్కదానికీ లేదు.”

“పోనీలే అమ్మా. మూసేద్దామనుకున్నాంగా. మీ అన్నయ్యకి చెప్పెయ్యి, వస్తానని.”

“ఉండు. అన్నిటికీ రబ్బరుబ్యాండ్లు ఉన్నాయి.”

“అన్నం తిన్నావా నువ్వు?”

“ఈ రబ్బరుబ్యాండ్లు నేను తెచ్చినవి.”

“చిట్టీ, ఇలా రా.”

“అమ్మ పోయాక నువ్వు ఆస్పత్రిలో కాగితాల పని ఉందని వెళ్ళినప్పుడు… నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఏం తోచలేదు. నాన్న తిరిగొచ్చేసరికి దుకాణం కాస్త శుభ్రంగా కనపడితే మనసు తేలికపడుతుందని… అరలన్నీ దులిపాను. కట్టలకి నల్లటి పాతదారాలు వేలాడుతున్నాయి. దుమ్ము పట్టి ఉన్నాయి. నేను వాటిని… కత్తెరతో…”

“ఊరుకో.”

“అన్నీ కత్తిరించాను నాన్నా. ఒక్కటి కూడా మిగల్చలేదు. చెత్తలో వేశాను. నీకు తెలుసా? నేనేనని నీకు తెలుసా?”

“పద, అన్నం తిందాం.”

“తెలిసే మతిమరుపన్నావా? డాక్టరు దగ్గరికి కూడా వస్తానన్నావా?”

“ఏం చేశావని? ఎంత చక్కగా సర్దావమ్మా! ఆరోజు తాళం తీసి చూసి, మీ అమ్మే వచ్చి సర్ది వెళ్ళిందేమో అనుకున్నాను.”