పదో చిత్రానికి సంతకం సాధించిన సొలాంజ్ గారు

1984 సెప్టెంబరు 3వ తేదీ, సోమవారం ఉదయం, పారిస్‌లోని మా చలనచిత్ర ప్రచార సంస్థలో రీళ్ల డబ్బాలకు చిరునామాలు అంటించే గుమాస్తాగా నేడు పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి సొలాంజ్ మర్షాదియే గారు ఉద్యోగంలో చేరారు. విదేశీ చిత్రోత్సవాలకు బయలుదేరిన డబ్బా ఏ దేశపు సుంకాల గదిలో ఎన్నాళ్లు పడి ఉంటుందో వారికి కంఠతా వచ్చు. "సినిమా పండులాంటిది, దారిలోనే కుళ్లబెడుతున్నాం," అని నొచ్చుకునేవారు.

అనంతరం ఉపశీర్షికల విభాగానికి మారి, పదహారు సంవత్సరాలు దాని బాధ్యతలను అకుంఠిత దీక్షతో నిర్వహించారు. ఒక్క కామా కోసం లిస్బన్‌కు మూడుసార్లు ఫోన్ చేసిన ఘనత వారిదే. మెచ్చుకోలు వారి నోట వినడం గగనమే గానీ, తప్పు పట్టడంలో మాత్రం ఎవరికీ లోటు చేయలేదు.

కొత్త దర్శకుల ఫ్రెంచి చిత్రాలను ఏటా నెల రోజులపాటు అంతర్జాలం ద్వారా ప్రపంచమంతటికీ చూపాలన్న సంకల్పం 2010లో వారికే కలిగింది. పది చిత్రాలు కుదరకపోతే పథకం అటకెక్కినట్లేనని యాజమాన్యం తేల్చిచెప్పింది. తొమ్మిది కుదిరాయి. పదోది, ఆల్చిప్పలు పెంచే తన తల్లి గురించి గ్వెనోలె తాంగీ అనే యువకుడు తీసిన తొలి చిత్రం. మా దేశంలో బుధవారం వస్తే హాళ్లలో కొత్త సినిమాలు దిగుతాయి, జనం రానివి లేచిపోతాయి. అతని చిత్రం ఒక్క వారానికే లేచిపోయింది. అయినా అతడు మెట్టు దిగలేదు.

"హాల్లోంచి గెంటేశారని ఫోన్లలో తిప్పుకోమంటారా మేడమ్? చచ్చినా ఒప్పుకోను."

వాదన పెట్టుకోకుండా, లాప్‌టాప్ చంకన పెట్టుకుని సొలాంజ్ గారు బ్రిటనీ తీరంలోని అతని ఇంటికి రైలెక్కారు. చిప్పలను వదిలి పారిస్ రాలేక, తల్లి మారివోన్ గారు ఆ చిత్రాన్ని అసలు చూడనేలేదని అక్కడ తెలిసింది. వంటింటి బల్ల మీదే ప్రదర్శన మొదలైంది. కామా కోసం లిస్బన్ దాకా ఫోన్లు చేసిన మనిషి, తొందరలో పోర్చుగీసు ఉపశీర్షికల ప్రతిని పట్టుకొచ్చారని అప్పుడు బయటపడింది.

"ఆ కింద పరిగెత్తే అక్షరాలేంటమ్మాయీ?"

"పొరపాటైందండీ. అవి పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్ వాళ్ల కోసం."

"అంటే నే తిట్టిన తిట్లన్నీ వాళ్లు చదువుతారా?"

"మీ అబ్బాయి ఒప్పుకుంటే చదువుతారు."

మారివోన్ గారు చేతిలోని చాకు కింద పెట్టి కొడుకు వైపు తిరిగారు. "ఒరేయ్, నన్ను పెట్టి సినిమా తీసి నాకే చూపించలేదు. ఇప్పుడు వాళ్లకీ చూపించవా? నీ పౌరుషం మండ! పెట్టు సంతకం."

పెట్టాడు. పథకం నిలిచింది, నేటికీ ఏటేటా నడుస్తోంది. సముద్రం ముఖమే చూడని బిష్కెక్ నగరం నుంచి ఒక గృహిణి, "మీ అమ్మ అచ్చం మా అమ్మలాగే తిడుతుంది," అని అతనికి రాసింది. ఇప్పుడతడు నాలుగో చిత్రం తీస్తున్నాడు.

సొలాంజ్ గారి పదవీ విరమణ వార్త విని, ఎనభై నాలుగేళ్ల మారివోన్ గారు రాసిన ఉత్తరం మొన్ననే మా కార్యాలయానికి చేరింది. "అమ్మాయీ, ఇన్నాళ్లూ అందరి సినిమాలూ మోశావు. ఈసారి ఉత్త చేతులతో రా. పని మీద కాదు, నా కోసం రా."

నలభై ఏళ్లలో మాలో ఎవరి ఎదుటా కంటతడి పెట్టని సొలాంజ్ గారు అది చదివి కళ్లు తుడుచుకున్నారు. ఆ రైలెక్కే ఓపిక, ఆరోగ్యం వారికి నిండు నూరేళ్లూ ఉండాలనీ, వెళ్లిన ప్రతిసారీ తలుపు తీయడానికి ఆ తల్లి అక్కడే ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం.